కంచం ముందు, కారణం తర్వాత

బరువు తగ్గించే ఇంజెక్షన్లు 2025లో మన మందుల షాపుల్లోకి వచ్చేశాయి. మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ. వాటి కోసం వచ్చినవారిని షుగర్ ఉందా, బీపీ ఉందా, థైరాయిడ్ పరీక్ష చేయించారా అని అడుగుతారు. రాత్రి ఇంటిల్లిపాదీ పడుకున్నాక వంటింట్లోకి వెళ్లి, ఆపుకోలేక, కడుపు పట్టనంత తినేస్తున్నారా అని అడగడం మాత్రం మన వైద్యానికి ఇంకా అలవాటు కాలేదు. తిన్నది తిన్నట్టు కక్కేస్తున్నారా, అద్దం ముందు నిలబడితే తమ మీద తమకే అసహ్యం పుడుతోందా అన్న ప్రశ్నలైతే మరీ దూరం. బరువును జబ్బుగా చూడటం మనకు వచ్చింది. తిండితో మనిషికి చెడిన సంబంధాన్ని జబ్బుగా చూడటం రాలేదు.

ఈ రెండో రకం జబ్బులనే ఆహార రుగ్మతలంటారు. వీటికి ప్రధానమైన చికిత్స మాత్ర కాదు, మాట. అయితే మన కాలేజీల్లో కౌన్సెలింగ్ పేరిట జరిగే హితబోధ లాంటి మాట కాదది. ఒక పద్ధతి, ఒక క్రమం, వారం వారం లెక్క ఉన్న థెరపీ. యాభై ఏళ్లుగా జరిగిన పరిశోధన ఈ థెరపీ గురించి చెప్పే మొదటి పాఠం చాలామందికి వింతగా తోస్తుంది. మనసు లోతుల్లో కారణం తవ్వడంతో ఇది మొదలుకాదు. వేళకు కంచం ముందు కూర్చోవడంతో మొదలవుతుంది. కారణాల సంగతి ఆ తర్వాత. ఈ వరుసను అర్థం చేసుకుంటే, అరకొర వనరులున్న మన రెండు రాష్ట్రాల్లోనూ ఈ చికిత్సను సామాన్యులకు అందించడం సాధ్యమేనని తేలుతుంది.

మూడు జబ్బులు, ఒకే ముడి

మొదటిది అనొరెక్సియా నెర్వోసా. లావైపోతానన్న భయంతోనో, తిండిని అదుపులో పెట్టుకోవాలన్న పట్టుదలతోనో ఒళ్లు శుష్కించేదాకా తినడం మానేయడం. 1873లో పారిస్‌లో లాసేగ్, లండన్‌లో విలియం గల్ దాదాపు ఒకేసారి దీన్ని వర్ణించారు. రెండోది బులీమియా నెర్వోసా. అదుపు తప్పి తినడం, తిన్నదాన్ని ఏదో ఒక విధంగా వదిలించుకోవడం. లండన్ రాయల్ ఫ్రీ ఆస్పత్రి వైద్యుడు జెరాల్డ్ రసెల్ 1979లో 30 మంది రోగుల వివరాలతో దీనికి పేరు పెట్టారు. మూడోది బింజ్ ఈటింగ్ డిజార్డర్. ఇందులో అతిగా తినడం ఉంటుంది, వదిలించుకోవడం ఉండదు, సిగ్గు మాత్రం మిగిలిపోతుంది. అమెరికా మనోవైద్య సంఘం దీన్ని విడి జబ్బుగా గుర్తించింది 2013లోనే.

మొదటి జబ్బు మనిషి చిక్కిపోతాడు, మూడో జబ్బు మనిషి లావెక్కవచ్చు. రెండో జబ్బు మనిషి చూడటానికి మామూలుగానే ఉంటాడు కాబట్టి ఏళ్ల తరబడి ఇంట్లోవాళ్లకే తెలియదు. వీటిని ‘ఈ కాలం పిల్లల వేషాలు’ అని కొట్టిపారేసేవారు ఒక్క సంగతి తెలుసుకోవాలి. 36 అధ్యయనాలను కలిపి 2011లో చేసిన విశ్లేషణ ప్రకారం, అనొరెక్సియా ఉన్నవారిలో మరణాలు అదే వయసువారిలో ఉండాల్సినదానికన్నా దాదాపు ఆరు రెట్లు ఎక్కువ. ఆ మరణాల్లో ఐదింట ఒకటి ఆత్మహత్య. మానసిక వ్యాధుల్లో ఇంతగా ప్రాణాలు తీసేవి కొద్దే.

ఆకలే మనసును మార్చేస్తుంది

కంచం ఎందుకు ముందు రావాలో తెలియాలంటే ఈ జబ్బులతో సంబంధం లేని ఒక ప్రయోగాన్ని చూడాలి. రెండో ప్రపంచ యుద్ధం ముగింపుకొస్తున్న రోజుల్లో, కరువుబారిన పడిన ప్రజలకు మళ్లీ తిండి ఎలా అలవాటు చేయాలో తేల్చడానికి అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులను తీసుకున్నారు. యుద్ధంలో ఆయుధం పట్టబోమని తేల్చిచెప్పి, దానికి బదులు ఈ సేవకు ఒప్పుకున్నవారు వాళ్లు. ఒంటికీ మనసుకూ ఏ లోటూ లేదని పరీక్షించి మరీ ఎంపిక చేశారు. 1945లో ఆరు నెలల పాటు వాళ్లకు అర్ధాకలి తిండి పెట్టారు. శరీర బరువులో సుమారు నాలుగో వంతు పోయింది.

పోయింది బరువొక్కటే కాదు. తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. చిన్న ముక్కలు చేసి, నీళ్లు కలిపి, కంచం ముందు గంటల తరబడి కూర్చున్నారు. స్నేహితులకు దూరమయ్యారు. చిన్న మాటకే విసుగు, ఊరికే దిగులు. కొందరు కట్టుబాటు తెంచుకుని దొరికిందల్లా తినేసి, ఆ తర్వాత తమను తాము తిట్టుకున్నారు. ప్రయోగం ముగిసి కావలసినంత తిండి దొరికాక కూడా ఎంత తిన్నా ఆకలి తీరని స్థితి కొందరిలో చాన్నాళ్లు కొనసాగింది. ఆరోగ్యవంతులైన మగవాళ్లలో, అద్దం గోల లేకుండా, కేవలం ఆకలి వల్ల వచ్చిన మార్పులివి. 1950లో రెండు సంపుటాలుగా అచ్చయిన ఆ నివేదికలో ఈ యువకుల గురించి రాసిన చాలా లక్షణాలను ఆహార రుగ్మతల వైద్యులు తమ వార్డుల్లో చూసినవాటితో పోల్చి గుర్తుపట్టారు.

దీన్నుంచి తేలేది ఒకటే. జబ్బు లక్షణాలుగా మనం చూసేవాటిలో చాలా భాగం పస్తు తెచ్చిపెట్టినవే. పస్తున్న మెదడుతో ఎంత లోతైన విషయం మాట్లాడినా తలకెక్కదు. అందుకే మంచి థెరపిస్టు మొదటి వారాల్లో బాల్యం గురించీ గాయాల గురించీ తవ్వడు. తిండి వేళలు అడుగుతాడు.

ఒక కాగితం, ఆరు గడులు

ఈ పద్ధతికి ఇప్పుడున్న రూపం ఇచ్చింది ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్. బులీమియాకు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీని 1981లో ప్రతిపాదించి, తర్వాత దాన్ని మూడు జబ్బులకూ వర్తించేలా మార్చారు. దీన్నే సీబీటీ-ఈ అంటారు. బరువు మరీ తగ్గనివారికి 20 వారాల్లో 20 సెషన్లు, బాగా తగ్గినవారికి సుమారు 40. మొదటి నెలలో వారానికి రెండుసార్లు కలుస్తారు.

ఇందులో మొదటి పనిముట్టు ఒక కాగితం. తిన్న వేళ, తిన్నది, తిన్న చోటు, అతిగా తిన్నట్టనిపిస్తే నక్షత్రం గుర్తు, ఆ తర్వాత చేసిన పని, అప్పటి మనసులో మాట. ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని తెచ్చిన కాగితం ఇలా ఉందనుకుందాం. ఉదయం గడి ఖాళీ. మధ్యాహ్నం రెండు చెంచాల పెరుగన్నం. సాయంత్రం చక్కెర లేని కాఫీ. రాత్రి 10.40కి హాస్టల్ గదిలో రెండు బిస్కెట్ ప్యాకెట్లు, ఇంటి నుంచి వచ్చిన డబ్బాలో మిగిలిన అరిసెలన్నీ. పక్కన నక్షత్రం. చివరి గడిలో ‘నాకు సిగ్గు లేదు’ అన్న మాట. ఆ అమ్మాయి దృష్టంతా రాత్రి 10.40 మీదే ఉంటుంది. థెరపిస్టు వేలు ఖాళీగా ఉన్న ఉదయం గడి మీద పడుతుంది. రాత్రి జరిగినదానికి బీజం పొద్దున ఎనిమిదింటికే పడిందని, అది స్వభావ లోపం కాదని, ఆకలి తన బాకీ వసూలు చేసుకుందని ఇద్దరూ కలిసి చూస్తారు. రేపటి నుంచి రోజుకు మూడు పూటల భోజనం, మధ్యలో రెండుసార్లు చిరుతిండి. మధ్యలో ఎడం నాలుగు గంటలు దాటకూడదు. ఏం తినాలన్న గొడవ తర్వాత, ఎప్పుడు తినాలన్నదే ముందు. ఈ ఒక్క మార్పుతోనే చాలామందిలో అదుపు తప్పి తినడం గణనీయంగా తగ్గుతుంది.

రెండో పని బరువు చూడటం. ఇంట్లో రోజుకు పదిసార్లు ఎక్కే తూకం మానిపించి, వారానికి ఒక్కసారి థెరపిస్టు గదిలో ఇద్దరూ కలిసి చూసి గ్రాఫ్ మీద చుక్క పెడతారు. ఒక్క చుక్కను బట్టి ఏమీ తేల్చకూడదు, నాలుగు వారాల గీత చూడాలి. ఆ తర్వాతే అసలు ముడి దగ్గరకు వెళతారు. ‘నిన్ను నువ్వు దేన్ని బట్టి బేరీజు వేసుకుంటావు? చదువు, స్నేహం, పాట, పని, కుటుంబం... వీటికి ఒక వృత్తంలో వాటాలు గీయి’ అంటారు. రోగి గీసిన వృత్తంలో మూడు వంతులు ఒంటి ఆకారానికే పోతాయి. మిగతా వాటాలను పెంచడం మీద చివరి వారాలు గడుస్తాయి.

దీనికి గట్టి పరీక్ష డెన్మార్క్‌లో జరిగింది. కోపెన్‌హాగన్‌లో బులీమియా ఉన్న 70 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రెండేళ్ల పాటు వారం వారం మనోవిశ్లేషణ. మరో జట్టుకు ఐదు నెలల్లో 20 సెషన్ల సీబీటీ-ఈ. ఐదు నెలలయ్యాక అతితిండి, వాంతులు పూర్తిగా ఆగినవారు రెండో జట్టులో 42 శాతం, మొదటి జట్టులో 6 శాతం. రెండేళ్లు నిండాక కూడా 44 శాతం, 15 శాతం. 2014లో వెలువడిన ఈ ఫలితాల్లో విశేషం ఏమిటంటే, దీన్ని నడిపినవారిలో మనోవిశ్లేషణ పక్షంవారే ప్రధానంగా ఉన్నారు. మూలాలు తవ్వడం తప్పని ఎవరూ అనడం లేదు. తిండిని నేరుగా పట్టించుకోకుండా తవ్వితే కాలం ఖర్చవుతుంది, జబ్బు ఉన్నచోటే ఉంటుంది.

నిందితుల నుంచి నర్సుల దాకా

పిల్లల విషయంలో వరుస ఇదే, మనుషులు వేరు. అనొరెక్సియా ఉన్న పదిహేనేళ్ల పిల్ల తనకు జబ్బుందని ఒప్పుకోదు. ‘నేను బాగానే ఉన్నాను, మీకే పిచ్చి’ అంటుంది. ఆ పిల్లతో కాగితం నింపించడం కష్టం. మరి ఎవరు తినిపించాలి?

1970లలో ఈ ప్రశ్నకు చాలామంది నిపుణుల జవాబు, తల్లిదండ్రులు మాత్రం కాదన్నదే. అతిగా అంటుకుపోయిన కుటుంబాలే ఈ జబ్బును పుట్టిస్తాయని ఫిలడెల్ఫియాలో సాల్వడార్ మినూచిన్ బృందం 1978లో పుస్తకమే రాసింది. కుటుంబంతో కలిసి పనిచేసే దారిని తెరిచింది ఆయనే అయినా, తల్లుల నెత్తిన నింద మాత్రం మిగిలిపోయింది. లండన్‌లోని మాడ్‌స్లీ ఆస్పత్రి వైద్యులు వేరేగా ఆలోచించారు. వార్డులో నర్సులు పక్కన కూర్చుని, ఓపికగా, వెనక్కి తగ్గకుండా తినిపిస్తే పిల్లలు బరువు పెరుగుతున్నారు. ఇంటికెళ్లగానే తగ్గిపోతున్నారు. నర్సులు చేస్తున్న పనినే తల్లిదండ్రులకు నేర్పితే?

రసెల్, ఐస్లర్ తదితరులు 80 మందితో చేసిన ఆ ప్రయోగం ఫలితాలు 1987లో వచ్చాయి. 18 ఏళ్లలోపు జబ్బు మొదలై, మూడేళ్లు దాటనివారికి కుటుంబ చికిత్స స్పష్టంగా మేలు చేసింది. 2010లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్, షికాగో విశ్వవిద్యాలయాలు 121 మంది పిల్లలతో ఇదే పద్ధతిని వ్యక్తిగత థెరపీతో పోల్చి చూశాయి. చికిత్స ముగిసిన ఏడాదికి పూర్తిగా కోలుకున్నవారు కుటుంబ చికిత్సలో 49 శాతం, వ్యక్తిగత థెరపీలో 23 శాతం. అదే ఏడాది ఆహార రుగ్మతల అంతర్జాతీయ అకాడమీ, కుటుంబమే ఈ జబ్బుకు ప్రధాన కారణమన్న వాదన సరికాదని అధికారికంగా ప్రకటించింది.

ఈ పద్ధతిలో రెండో సెషన్‌కు కుటుంబమంతా క్యారేజీ పట్టుకుని రావాలి. మన దగ్గరైతే ఆ గదిలో ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. తల్లి పప్పన్నంలో నెయ్యి వేసి, పక్కన బంగాళాదుంప వేపుడు పెడుతుంది. పిల్ల చెయ్యి పెట్టదు. ‘నెయ్యి ఎందుకేశావ్, నేను తినను.’ ‘పోనీ పెరుగన్నం కలపనా తల్లీ?’ తండ్రి ఫోన్ చూసుకుంటాడు, లేదా ‘ఇన్ని వేలు పోసి తీసుకొస్తే ఈ నాటకాలేంటి’ అని కసురుతాడు. అమ్మమ్మ ‘పోనీలేవే, పాపం, బలవంతం చేయకు’ అంటుంది. ముగ్గురిదీ మూడు దారులు, జబ్బుకు కావలసింది అదే. థెరపిస్టు తాను తినిపించడు. తల్లిని ఒకవైపు, తండ్రిని ఒకవైపు కూర్చోబెడతాడు. బేరం ఆడొద్దు, కోప్పడొద్దు, కంచం ముందు నుంచి లేవొద్దు, ఇద్దరూ ఒకే మాట అనండి అని నేర్పుతాడు. ‘నీకెంత కష్టంగా ఉందో తెలుసమ్మా. అయినా ఈ ముద్ద తినాలి. మేం ఇక్కడే ఉంటాం.’ పిల్ల తాను అనుకున్నదానికన్నా ఒక్క ముద్ద ఎక్కువ తింటే ఆ రోజుకు అదే గెలుపు. మొండికేస్తున్నది పిల్ల కాదు, జబ్బు అని ఇంటిల్లిపాదికీ నూరిపోస్తారు. బరువు కుదురుకున్నాక కంచం మీద అధికారాన్ని మెల్లగా పిల్లకే అప్పగిస్తారు. చదువు, స్నేహాలు, ఎదిగే వయసు చిక్కుల గురించి మాట్లాడేది ఆ తర్వాతి మూడో దశలో. ఆరు నెలల నుంచి ఏడాది పట్టే పని ఇది.

తేలని లెక్కలూ ఉన్నాయి

ఈ థెరపీని సర్వరోగనివారిణిగా చూపడం రోగులకు ద్రోహమే. పైన చెప్పిన అంకెల్లోనే సగానికి పైగా పూర్తిగా కోలుకోనివారున్నారు. పెద్దవాళ్ల అనొరెక్సియాలో పరిస్థితి ఇంకా కష్టం. న్యూజిలాండ్‌లో 56 మంది మహిళలతో చేసి 2005లో ప్రచురించిన పరీక్షలో, ప్రత్యేక థెరపీల కన్నా తిండి మీద శ్రద్ధ, ఆసరా, ఓపిక కలిపిన సాధారణ వైద్య పర్యవేక్షణే మెరుగ్గా పనిచేసి పరిశోధకులను ఆశ్చర్యపరిచింది. జర్మనీలో 242 మందితో చేసిన పెద్ద పరీక్షలో, చికిత్స ముగిసేసరికి మూడు పద్ధతుల మధ్య బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. బ్రిటన్ వైద్య ప్రమాణాల సంస్థ నైస్ 2017 మార్గదర్శకాల్లో పెద్దవాళ్లకు ఒకే పద్ధతి అని కాకుండా మూడింటిని సమానంగా సూచించడానికి కారణం ఇదే. ఈ తేడాల మధ్య కూడా ఒకటి మారలేదు. ఆ మూడింటిలో ఏదీ తిండిని పక్కనపెట్టి కేవలం మాటలతో నడిచేది కాదు.

ఇంకో హద్దు కూడా ఉంది. నాడి మందగించినా, స్పృహ తప్పుతున్నా, వాంతుల వల్ల రక్తంలో పొటాషియం పడిపోయినా ముందు ఆస్పత్రిలో చేర్చాలి. బాగా శుష్కించినవారికి ఒక్కసారిగా ఎక్కువ తిండి పెట్టడమూ ప్రమాదమే. ఫాస్ఫేట్ పడిపోయి గుండె దెబ్బతినవచ్చు. కాబట్టి ఇంట్లో తినిపించడం మొదలుపెట్టే ముందు వైద్యుడి పరీక్ష తప్పనిసరి. మందుల పాత్ర పరిమితం. బులీమియాలో ఫ్లూక్సెటీన్ కొంత సాయం చేస్తుంది. మందులు మాత్రమే చికిత్సగా ఇవ్వొద్దని నైస్ స్పష్టంగా చెప్పింది.

మన దగ్గర ఇది వేరే వేషంలో వస్తుంది

‘ఇదంతా తిండి ఎక్కువైన దేశాల జబ్బు, సగం మంది ఆడవాళ్లు రక్తహీనతతో ఉన్న మనకెందుకు?’ అనేవారున్నారు. ఆకలి సమస్య నిజం, దాని ప్రాధాన్యం ఎవరూ కాదనలేనిది. అయితే లేమి తగ్గిన ఇళ్లలోకి ఈ జబ్బు ఎంత తొందరగా చొరబడుతుందో పసిఫిక్ దీవుల దేశం ఫిజీ చూపింది. బొద్దుగా ఉండటమే అందమనుకునే ఆ దేశంలో ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. హార్వర్డ్‌కు చెందిన ఆన్ బెకర్ అప్పుడూ, మూడేళ్ల తర్వాతా బడి ఆడపిల్లలను ప్రశ్నించారు. తిండి విషయంలో ప్రమాదకర ధోరణులున్నవారు సుమారు 13 శాతం నుంచి 29 శాతానికి పెరిగారు. మన పిల్లల చేతుల్లో ఉన్నది టీవీ కాదు, రోజంతా ఒళ్లు చూపించే ఫోన్.

మన సమాజం రెండు నాలుకలతో మాట్లాడుతుంది. చిక్కితే ‘పుల్లలా తయారయ్యావేంటి’, ఒళ్లు చేస్తే ‘పెళ్లెలా అవుతుందే’. పెళ్లిచూపుల్లో ఒడ్డూ పొడుగూ కొలిచే చూపు ఇంకా పోలేదు. ప్రకాశ్ కోవెలమూడి దర్శకత్వంలో అనుష్క బరువు పెంచుకుని మరీ నటించిన ‘సైజ్ జీరో’ 2015లో ఈ ఒత్తిడినీ, దాని మీద సొమ్ము చేసుకునే స్లిమ్మింగ్ సెంటర్లనూ తెర మీదకు తెచ్చింది. పీసీఓఎస్ ఉందని తేలిన ప్రతి అమ్మాయికీ దొరికే మొదటి సలహా ‘బరువు తగ్గు’. ఎలా తగ్గుతోందో ఆరా తీసేవారుండరు.

అయినా జబ్బు మన దగ్గర తన పేరు చెప్పుకుని రాదు. తినకపోవడానికి మనకు వేరే అర్థాలు సిద్ధంగా ఉన్నాయి. అలిగిందంటారు. శనివారం ఒంటిపూట, ఏకాదశి ఉపవాసం, శ్రావణమాసం వ్రతం అంటారు. పిల్ల కూడా ‘లావైపోతానని భయం’ అనదు. ‘అరగడం లేదు, కడుపు ఉబ్బరంగా ఉంది, నోటికి సయించడం లేదు’ అంటుంది. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 1995లో ప్రచురించిన ఐదుగురు రోగుల వివరాల్లో పడమటి దేశాల పుస్తకాల్లో కనిపించే ఆకార భయం, అతి వ్యాయామం అంతగా కనిపించలేదు. హాంకాంగ్‌లోనూ సింగ్ లీ అనే మనోవైద్యుడు ఇలాంటివారినే గమనించారు. ఫలితంగా పిల్ల మొదట దిష్టి తీయించుకుంటుంది. తర్వాత గ్యాస్ డాక్టరు దగ్గరకు, ఎండోస్కోపీకి, టానిక్ సీసాలకు, గైనకాలజిస్టు దగ్గరకు తిరుగుతుంది. మనోవైద్యుడి గుమ్మం తొక్కేసరికి ఏళ్లు గడుస్తాయి. చికిత్స మూడేళ్లలోపు మొదలైతేనే ఫలితం బాగుంటుందన్న లండన్ పాఠం ఇక్కడ గుర్తుంచుకోవాలి.

అందుకే ఆక్స్‌ఫర్డ్ పద్ధతిని మక్కీకి మక్కీ దించితే సరిపోదు. ఉపవాసం ఉన్న పిల్లతో థెరపిస్టు భక్తి గురించి వాదించకూడదు. ఈ వ్రతం ఇంట్లో అందరితో కలిసి మొదలైందా, ఒంటరిగా మొదలైందా, ఉద్యాపన అయ్యాక కూడా ఎందుకు ఆగడం లేదని అడగాలి. కాగితంలో కేలరీలు కాదు, ఇడ్లీలు, గరిటెలు, ముద్దలు ఉండాలి. ఉమ్మడి వంటింట్లో అత్తగారి కనుసన్నల్లో తినే కోడలికి ‘మీ కుటుంబంతో కలిసి తినండి’ అన్న సలహా వైద్యమా, శిక్షా అన్నది ముందే తేల్చుకోవాలి.

చేయగలిగిన పనులు

మన దేశంలో లక్ష జనాభాకు మనోవైద్యులు ఒక్కరు కూడా లేరు. సగటు 0.75. నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది, అందులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మన ఆడవాళ్ల బరువు తూస్తుంది, రక్తం పరీక్షిస్తుంది. తిండితో వాళ్లకున్న గొడవ గురించి ఒక్క ప్రశ్న కూడా వేయదు. ఎర్రగడ్డలోనో విశాఖలోనో ఒక ప్రత్యేక విభాగం తెరిచి చేతులు దులుపుకుంటే ఈ లోటు పూడదు. ఈ థెరపీ బలం అంతా దాని క్రమంలో ఉంది. క్రమం ఉన్నది నేర్పవచ్చు.

బింజ్ ఈటింగ్, బులీమియాలకు నైస్ సూచించే మొదటి మెట్టు నిపుణుడి గది కాదు. ఒక స్వయం సహాయక పుస్తకం, దానికి తోడు 16 వారాల్లో నాలుగు నుంచి తొమ్మిది సార్లు, ఒక్కోసారి 20 నిమిషాల ఊతం. శిక్షణ పొందిన నర్సు ఈ పని చేయగలదు. గోవాలో సంగత్ సంస్థ, విక్రమ్ పటేల్ బృందం డిప్రెషన్ విషయంలో దీన్ని నిరూపించాయి. మనోవైద్యంలో ఏ పట్టా లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది సెషన్ల థెరపీని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో చేయిస్తే ఫలితం వచ్చిందని 2017లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. ఆహార రుగ్మతల్లో శరీరానికి ప్రమాదం ఎక్కువ కాబట్టి వైద్యుడి పర్యవేక్షణ తోడుండాలి. దారి మాత్రం అదే. మన వైద్య విశ్వవిద్యాలయాలు అలాంటి పుస్తకాన్ని తెలుగులో, మన తిండి భాషలో రాయించి, గురుకులాల్లోని స్టాఫ్ నర్సులకూ, కౌమార ఆరోగ్య కేంద్రాల సిబ్బందికీ శిక్షణ ఇవ్వడానికి కోట్లు అక్కర్లేదు. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమంలో పోషకాహారం, మానసిక ఆరోగ్యం రెండూ ఉన్నాయి. ఈ జబ్బులు ఆ రెండూ కలిసే చోటే పుడతాయి.

రెండో పని, అడగడం. లండన్ వైద్యులు 1999లో రూపొందించిన స్కాఫ్ ప్రశ్నావళిలో ఉన్నవి ఐదే ప్రశ్నలు. కడుపు నిండిన ఇబ్బందితో కావాలని వాంతి చేసుకుంటున్నారా? తిండి మీద అదుపు తప్పిందని దిగులుగా ఉందా? మూడు నెలల్లో ఆరు కిలోలకు మించి తగ్గారా? అందరూ సన్నగా ఉన్నావంటున్నా లావుగా ఉన్నానని నమ్ముతున్నారా? తిండి మీ బతుకును ఏలుతోందా? రెండింటికి అవునంటే లోతుగా పరీక్షించాలి. బరువు తగ్గే ఇంజెక్షన్ రాసే ముందు, బేరియాట్రిక్ సర్జరీకి ముందు, పీసీఓఎస్‌కు డైట్ చార్టు ఇచ్చే ముందు ఈ ఐదు ప్రశ్నలు అడగడాన్ని రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు నిబంధన చేయవచ్చు. అతితిండి జబ్బున్న మనిషికి ఆకలి చంపే మందు ఇచ్చి పంపితే తూకం ముల్లు కదులుతుంది. పస్తు, సిగ్గు, మళ్లీ అతితిండి అన్న చక్రం అలాగే ఉంటుంది. అనొరెక్సియాను దాచుకున్న పిల్ల చేతికి అదే మందు చిక్కితే జరిగేది ఇంకా దారుణం.

మూడోది డబ్బు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని 21వ సెక్షన్ శరీర వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ బీమా ఇవ్వాలంటోంది. చాలా పాలసీలు మాత్రం ఆస్పత్రిలో చేరితేనే చెల్లిస్తాయి. ఇరవై వారాల థెరపీ ఖర్చు ఇంటి నెత్తిన పడుతుంది, అది భరించలేక సగంలో మానేస్తే చివరికి ఐసీయూ బిల్లు బీమా కంపెనీయే కడుతుంది. ఓపీ థెరపీని ప్యాకేజీగా చేర్చడం కంపెనీలకూ, ఆరోగ్యశ్రీ తరహా ప్రభుత్వ పథకాలకూ లెక్క ప్రకారం చూసినా లాభమే. ఈలోగా 14416 నంబరులో టెలి మానస్ తెలుగులోనూ పలుకుతోంది. అక్కడి సిబ్బందికి ఈ జబ్బుల గురించి ప్రత్యేక శిక్షణ ఇస్తే, జిల్లాల్లోని తల్లిదండ్రులకు మొదటి దారి అక్కడే దొరుకుతుంది.

ప్రభుత్వం కదిలేదాకా ఇళ్లు చేయగలిగిందీ ఉంది. పిల్లల ఒంటి గురించి వ్యాఖ్యలు మానడం. కొన్నాళ్లుగా అందరితో కలిసి తినడం మానేసిన పిల్లను నిలదీయకుండా గమనించడం. అనుమానం వస్తే కారణం తేలేదాకా ఆగకుండా డాక్టరుకు చూపించడం. ‘ఎందుకిలా చేస్తున్నావు’ అన్న ప్రశ్నకు ఆ పిల్ల దగ్గర జవాబు ఉండదు, తిండి లేక మసకబారిన మెదడు దగ్గర అసలే ఉండదు. కొసరి కొసరి తినిపించడం తెలుగు ఇంటికి కొత్త కాదు. దానికి పద్ధతీ, పట్టుదలా, పక్కన ఒక శిక్షణ పొందిన మనిషీ తోడైతే అదే చికిత్సలో పెద్ద భాగం అవుతుందని మాడ్‌స్లీ నుంచి స్టాన్‌ఫర్డ్ దాకా రుజువైంది. ఆ శిక్షణ పొందిన మనిషిని ప్రతి జిల్లాకూ తయారుచేసి ఇవ్వడమే ఇప్పుడు ప్రభుత్వాల వంతు.